దెబ్బకీ పట్టుకీ మధ్య: బెంగళూరులో నాలుగు విద్యలు కలిపి సాధన చేసిన నా అనుభవం

"బాక్సింగ్ మంచిదా, కరాటేనా, జూజిట్సూనా? రోడ్డు మీద పనికొచ్చేది ఏది?" మారతహళ్ళి, బెళ్ళందూరు, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన తెలుగువాళ్ళు జిమ్‌లో పేరు రాయించుకునే ముందు అడిగేది ఇదే. బాక్సింగ్, ముయ్ థాయ్ (చేతులు, కాళ్ళు, మోచేతులు, మోకాళ్ళతో కొట్టే థాయ్ విద్య), జూడో (పట్టి విసిరేసే జపాన్ విద్య), బ్రెజీలియన్ జూజిట్సూ (నేల మీద పట్ల విద్య) ఒకదాని వెంట ఒకటి పట్టి, ఆ తర్వాత కలిపి సాధన చేశాక నా జవాబు వేరుగా ఉంటుంది. ఏ విద్యైనా తన దూరంలో బలంగానే ఉంటుంది. మనిషి దొరికిపోయేది ఒక దూరం నుంచి ఇంకో దూరానికి మారేటప్పుడు. పంచ్ అందే దూరం నుంచి ఛాతీకి ఛాతీ తగిలే దూరానికి, అక్కణ్ణించి నేల మీదికి, నేల మీంచి మళ్ళీ కాళ్ళ మీదికి. బాక్సింగ్‌లో ఇద్దరూ పెనవేసుకోగానే రిఫరీ 'బ్రేక్' అని విడదీస్తాడు. జూజిట్సూ క్లాసులో రౌండ్ చాలాసార్లు మోకాళ్ళ మీదే మొదలవుతుంది. అంటే ఆ మధ్య ముక్క రెండు చోట్లా వదిలేసినట్టే. అది విడిగా నేర్చుకోవాలి, అదీ ఒక క్రమంలో.

ముందు చోటు సంగతి. ఈ ఊళ్ళో విద్య కన్నా ముందు దారి ఎంచుకోవాలి. సాయంత్రం ఏడింటి క్లాసుకి ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి దాటి వెళ్ళాలంటే వారంలో సగం రోజులు వార్మప్ అయిపోయాక చేరతారు. వార్మప్ లేకుండా స్పారింగ్‌లో (భాగస్వామితో అదుపులో తలపడే సాధనలో) దిగితే తొడ కండరం పట్టేస్తుంది. ఇంటికో ఆఫీసుకో మూడు కిలోమీటర్ల లోపు ఉన్న మామూలు జిమ్, పదిహేను కిలోమీటర్ల అవతలి గొప్ప జిమ్ కన్నా మేలు. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది కాబట్టి అటువైపు వాళ్ళకి ఇందిరానగర్ దాకా ఉన్నవన్నీ అందుబాటులోకి వచ్చినట్టే. పొద్దున ఆరున్నర బ్యాచ్ దొరికితే వదలొద్దు.

చేరేముందు ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడండి. కొత్తవాళ్ళతో పాతవాళ్ళు ఎలా స్పారింగ్ చేస్తున్నారు? ట్యాప్ చేయగానే, అంటే ఇక చాలని చేత్తో తట్టగానే వదులుతున్నారా, అర సెకను ఆగి వదులుతున్నారా? మ్యాట్ రోజూ మందు నీళ్ళతో తుడుస్తున్నారా? చెప్పులు లేకుండా బాత్రూమ్‌కి వెళ్ళి అదే కాళ్ళతో మ్యాట్ ఎక్కుతున్నారా? ఎదురు తిరగని భాగస్వామి మీద పట్టు పట్టడం తప్ప స్పారింగ్ అసలే లేని చోట ఎంత అందమైన టెక్నిక్ చూపించినా, అది ఒంటికి పట్టదు. "మణికట్టు పట్టుకుంటే ఇలా తిప్పు" అని నేర్పే చోట, పట్టుకున్నవాడు రెండో చేత్తో ముఖం మీద కొడితే ఏం చేయాలో అడగండి. జవాబులోనే ఆ జిమ్ ఏమిటో తెలిసిపోతుంది. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటే, మూడు నెలలకు కడతానని అడగండి. బ్రెజీలియన్ జూజిట్సూలో బ్లాక్ బెల్ట్‌కి సాధారణంగా పదేళ్ళు పడుతుంది. నెలల్లో బెల్టులు ఇచ్చేచోట డబ్బు పోవడమే కాదు, లేని ధైర్యం వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

అన్నిటికన్నా ముందు పడటం నేర్చుకోవాలి. 1882లో జిగోరో కానో కోడోకాన్ అనే శిక్షణశాల పెట్టి జూడోని రూపొందించినప్పటి నుంచి అక్కడ మొదటి పాఠం ఇదే, దాన్ని 'ఉకేమి' అంటారు. రోడ్డు గొడవల్లో ప్రాణం తీసేది చాలాసార్లు పిడికిలి కాదు, పడ్డాక తలకి తగిలే ఫుట్‌పాత్ అంచు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి చూపు నడుము మీద పెట్టాలి. వీపు గుండ్రంగా వంచాలి, ఊపిరి వదలాలి, చేతులు ఒంటికి సుమారు 45 డిగ్రీల కోణంలో చాచి అరచేయి నుంచి మోచేయి దాకా ఒకేసారి నేలకి కొట్టాలి. చేతులు భుజాల ఎత్తుకి చాపితే భుజం కీలు మీద బరువు పడుతుంది. వెనక్కి అరచేయి ఆనించి ఆపుకోవాలని చూస్తే మణికట్టు విరగొచ్చు. సిమెంటు మీద చేయి కొట్టడం వల్ల పెద్ద లాభం ఉండదు, నొప్పి మిగులుతుంది. అక్కడ కాపాడేవి గడ్డం లోపల ఉండటం, వీపు గుండ్రంగా ఉండటం. మొదట చతికిలబడి, తర్వాత సగం నిలబడి, చివరికి పూర్తిగా నిలబడి చేయాలి. ప్రతి క్లాసులో ఐదు నిమిషాలు, ఎన్నేళ్ళైనా సరే.

మొదటి మూడు నెలలు దీనితోపాటు బాక్సింగ్ ఒక్కటే చాలని నా అభిప్రాయం. అడుగులు, దూరం, దెబ్బ వస్తుంటే కళ్ళు మూసుకోకపోవడం, ఈ మూడూ బాక్సింగ్ నేర్పినంత తొందరగా ఇంకేదీ నేర్పదు. చేతికి కట్టే పట్టీలు 180 అంగుళాలవి, అంటే నాలుగున్నర మీటర్లవి కొనండి. 120 అంగుళాలవి పిల్లలకీ చిన్న చేతులకీ. బొటనవేలికి కొలికి తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, అరచేతి మీదుగా పిడికిలి ఎముకల పైన మూడు చుట్లు వేయాలి. ఆ తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటిగా, మళ్ళీ బొటనవేలు చుట్టూ ఒకటి, మిగిలింది మణికట్టుకి. కట్టేటప్పుడు వేళ్ళు బాగా విప్పి ఉంచాలి. ముడుచుకుని కడితే పిడికిలి బిగించగానే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. బ్యాగ్ కొట్టడానికి 12 ఔన్సుల గ్లవ్స్, స్పారింగ్‌కి 16 ఔన్సులవి వేరుగా ఉండాలి. బ్యాగ్ గ్లవ్స్ లోపలి మెత్త తొందరగా అణిగిపోతుంది, వాటితో స్నేహితుడి ముఖం మీద కొట్టకూడదు. మౌత్‌గార్డ్ వేడినీళ్ళలో మెత్తబరిచి పళ్ళకి అచ్చు వేసుకునే రకం చాలు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా ఆపుతుంది కానీ మెదడు అదరకుండా ఆపదు. అది పెట్టుకున్నాం కదా అని గట్టిగా కొట్టుకోవడం వల్లే తల దెబ్బలు పెరుగుతాయి.

గ్లవ్స్ అలవాటు చేసే ఒక సంగతి రోడ్డు మీద ఎదురు తిరుగుతుంది. ఉత్త పిడికిలితో నుదుటి మీద కొడితే చిటికెన వేలి కింది ఎముక విరగొచ్చు, వైద్యులు దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. చిటికెన వేలి వైపు ఎముక సన్నం, దెబ్బ కాస్త అటు తిరిగి పడితే చాలు. అందుకే బ్యాగ్ మీద ప్రతి సాధనలోనూ ఒక రౌండ్ గ్లవ్స్ తీసేసి, అరచేతి మడమతో కొట్టడం పెట్టుకోవాలి. జాబ్ (ముందు చేతి నేరు పంచ్), క్రాస్ (వెనక చేతి నేరు పంచ్) ఎలా వేస్తారో అలాగే, తుంటి తిప్పుతూ, వేళ్ళు వెనక్కి మడిచి. శక్తి ఏమీ తగ్గదు.

మూడు నెలలయ్యాక నేల విద్య, అంటే జూజిట్సూ. ఇందులో వందల టెక్నిక్‌లు ఉన్నాయి, ఆత్మరక్షణకి ముందు కావలసినవి మాత్రం కొన్నే. వెల్లకిలా పడి మీద ఒకడు కూర్చుంటే బయటపడటం, పక్కనుంచి తొక్కిపట్టినవాణ్ణి మోకాలు దూర్చి దూరం చేయడం, వెనకనుంచి మెడకి చేయి వేస్తే విడిపించుకోవడం, లేచి నిలబడటం. మీద కూర్చున్నవాణ్ణి తిప్పేసేది చూడండి. మోచేతులు పక్కటెముకలకి అంటించి ఉంచాలి. వాడు చేయి మెడ మీదో ఛాతీ మీదో వేయగానే ఒక చేత్తో మణికట్టు, ఇంకో చేత్తో మోచేయి పై భాగం పట్టి ఛాతీకి బిగించాలి. అదే వైపు వాడి పాదానికి బయటినుంచి మన పాదం అడ్డం వేయాలి. రెండు మడమలూ పిరుదులకి దగ్గరగా లాగి, ముందు నడుము నిటారుగా పైకి లేపి, ఆ తర్వాతే బిగించిన భుజం వైపు తిరగాలి. అందరూ పొరబడేది ఇక్కడే. నడుము లేపకుండా పక్కకి దొర్లాలని చూస్తారు. వాడి బరువు ముందుకి రాకపోతే చేతులతో కాసుకుని అలాగే కూర్చుంటాడు. నడుము లేపితే వాడు మన తల మీదుగా ముందుకి తూలతాడు, కాసుకోవలసిన చేయి మన దగ్గరుంది, అప్పుడే తిరుగుతాడు.

లేవడానికీ పద్ధతి ఉంది. బోర్లా తిరిగి లేచామా, వీపు అప్పగించినట్టే. కూర్చుని, కుడి చేయి వెనక నేలకి ఆనించి, ఎడమ పాదం ముందు నేల మీద గట్టిగా ఊని, ఎడమ చేయి ముఖానికి అడ్డుగా పెట్టాలి. ఆ కుడి చేయి, ఎడమ పాదం మీద నడుము లేపి, కుడి కాలు కిందనుంచి వెనక్కి లాగి, చేయి కన్నా వెనక పెట్టి నిలబడాలి. చూపు ఎదుటివాడి మీంచి తీయకూడదు. నా దృష్టిలో జూజిట్సూ మొత్తంలో వీధికి అత్యంత విలువైనది ఇదే. రెండు వైపులా సమానంగా వచ్చేదాకా చేయాలి. జీన్స్ వేసుకుని, బూట్లతో, వీపున ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో కూడా చేసి చూడండి. బ్యాగ్ ఉంటే వెల్లకిలా పడ్డప్పుడు తల వెనక్కి వేలాడుతుంది, మెడ కాసుకోవడానికి గడ్డం ఇంకా బిగించాలని అప్పుడు తెలుస్తుంది.

ఆరు నెలలకి ముయ్ థాయ్ కలిపాను. అందులోంచి నేను వీధికోసం ఉంచుకున్నవి నాలుగే. ముందు కాలితో నడుము దగ్గర నెట్టడం, తొడ బయటి వైపు ముంగాలి ఎముకతో కొట్టడం, మోచేయి, మెడ పట్టుకుని మోకాలు. నడుము పైకి కిక్ వద్దు. జీన్స్ పట్టేస్తాయి, బెంగళూరు వాన రోడ్డు జారుతుంది, ఎదుటివాడు కాలు పట్టుకుంటే ఒంటి కాలి మీద మిగులుతాం. తొడ మీద కొట్టేటప్పుడు పాదం పై భాగం తగలకూడదు, అక్కడ ఎముకలు చిన్నవి. ముంగాలి ఎముక మధ్య భాగం తగలాలి, అందుకు ఊని ఉన్న పాదం బయటికి తిరగాలి. అది తిరగకపోతే మెలి మొత్తం మోకాలి కీలు మోస్తుంది.

ఇక అసలు చిక్కు. నాలుగూ ఒకే ఒంట్లోకి వచ్చాక ఒక విద్య నేర్పిన మంచి అలవాటు ఇంకో విద్యలో శిక్ష పడే అలవాటు అవుతుంది. వీటిని ఒక్కొక్కటిగా పట్టి సరిచేసుకోవడమే కలిపి సాధన చేయడంలో ముఖ్యమైన పని, దీనికే ఎక్కువ నెలలు పడతాయి.

బాక్సర్ నిలబడే తీరు చూడండి. బరువు ముందు కాలి మీద, ఆ పాదం కాస్త లోపలికి తిరిగి. పంచ్ వేయడానికి బాగుంటుంది. తొడ మీద కిక్ వస్తే మాత్రం ఆ కాలు లేవదు, లోపలికి తిరిగిన తొడ కండ నేరుగా దెబ్బకి ఎదురుగా ఉంటుంది. బరువు రెండు కాళ్ళ మీద సగం సగం పెట్టి, ముందు పాదం వేళ్ళు ఎదుటివాడి వైపు చూసేలా ఉంచితే పంచ్ వేగం కొంచెం తగ్గుతుంది కానీ కాలు లేపడానికి వీలవుతుంది. నడుము దగ్గర వంగి తల కిందికి దించి పంచ్ తప్పించుకోవడం ఇంకో అలవాటు. ముయ్ థాయ్ తెలిసినవాడు అక్కడ మోకాలు లేపుతాడు, కుస్తీ తెలిసినవాడు మెడ చంకలో ఇరికిస్తాడు. వంగాల్సింది మోకాళ్ళ దగ్గర, చూపు ఎదుటివాడి ఛాతీ మీదే ఉండాలి. మూడోది చేతుల కాపు. 16 ఔన్సుల గ్లవ్స్ ముఖం ముందు పెడితే గోడలా ఉంటుంది, ఉత్త చేతులు పెడితే మధ్యలోంచి పిడికిలి దూరుతుంది. గ్లవ్స్ లేనప్పుడు అరచేయి చెవి వెనక జుట్టుకి ఆనించి, ముంజేయి చెంపకి అంటించి, మోచేయి ముందుకి పొడుచుకొచ్చేలా కాసుకోవాలి.

ముయ్ థాయ్ నిలబడే తీరులో నడుము ముందుకి, ఒళ్ళు నిటారుగా ఉంటుంది. కుస్తీవాడు రెండు కాళ్ళూ కలిపి పట్టుకోవడానికి అంతకన్నా సులువైన తీరు లేదు. చేత్తో ఏమీ చూపించకుండా నేరుగా కిక్ వేస్తే కాలు దొరుకుతుంది లేదా ముఖం మీద క్రాస్ పడుతుంది. ముందు జాబ్, అది కళ్ళ ముందు ఉండగానే కిక్.

జూడోలో తుంటి విసుర్లు చాలావరకు వీపు తిప్పి లోపలికి దూరేవి. జాకెట్ పట్టు ఉన్నంతవరకు బాగు. టీషర్టు చినిగిపోతే విసురు సగంలో ఆగి మన వీపు వాడికి దక్కుతుంది. రెండు చేతులూ కాలర్ మీద ఉంటే ముఖం కాపు లేకుండా ఉంటుంది. మోకాళ్ళ మీద పడుతూ వేసే విసుర్లు మ్యాట్ మీద అందంగా ఉంటాయి, సిమెంటు మీద మోకాలి చిప్ప మిగలదు. అందుకే పట్టులో బట్ట బదులు ఒళ్ళు పట్టడం కుస్తీ దగ్గర నేర్చుకోవాలి. చంక కింద నుంచి చేయి దూర్చి భుజం పట్టడం, మెడ వెనక అరచేయి వేసి తల దించడం. పాత పేటల్లో ఇప్పటికీ గరడి మనెలు (కుస్తీ సాధనశాలలు) ఉన్నాయి, ఎర్రమట్టిలో ఈ పట్లు నేర్చుకున్నవాడి మెడ బలం జిమ్‌లో రాదు. జూడోలోంచి వీధికి నేను ఉంచుకున్నది ఒసోటో గారి, అంటే ఎదుటివాడి బరువు ఒక మడమ మీదికి నెట్టి ఆ కాలిని వెనకనుంచి మన కాలితో ఊడ్చేయడం. కానీ అది మనిషిని తల వెనక భాగం మీద పడేస్తుంది. జపాన్ బడుల్లో జూడో వల్ల జరిగిన తల గాయాల్లో ఈ విసురు పేరు ఎక్కువగా వినపడింది. సాధనలో భాగస్వామి చేయి చివరిదాకా పైకి లాగి పట్టుకోవాలి, వాడికి పడటం బాగా వచ్చేదాకా వేయకూడదు.

జూజిట్సూ నేర్పే చెడ్డ అలవాటు తానంతట తాను వెల్లకిలా పడటం. పోటీలో సరే. కింద కంకర, పక్కన వాడి స్నేహితుడు ఉన్నప్పుడు అది ఆఖరి మార్గం. ఇంకొకటి, దెబ్బలు లేని రౌండ్లలో చేతులు ఎక్కడైనా పెట్టొచ్చు అనిపిస్తుంది. దీనికి మందు సులువు. నెలకి రెండుసార్లైనా పైవాడికి గ్లవ్స్ తొడిగి మెత్తగా చెంప మీద తట్టమనాలి. మొదటి నిమిషంలోనే మీ కాపు ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. చిన్నప్పుడు కరాటే నేర్చుకున్నవాళ్ళకి పంచ్ వేసిన చేతికి రెండోది తుంటి దగ్గరికి లాక్కోవడం, దెబ్బ చర్మం దగ్గర ఆపేయడం అలవాటై ఉంటుంది. దూరం మీద వాళ్ళకున్న పట్టు మాత్రం గొప్పది, దాన్ని పోగొట్టుకోవద్దు.

ఒక దూరం నుంచి ఇంకో దూరానికి మారే ఈ అతుకుల సాధన ఆదివారం ఒక గంట విడిగా పెట్టుకోవాలి. ముగ్గురు నలుగురు నమ్మకమైనవాళ్ళు చాలు. ఒకడు 16 ఔన్సుల గ్లవ్స్‌తో ముప్ఫై సెకన్లు సగం బలంతో పంచ్‌లు వేస్తాడు. రెండోవాడికి తిరిగి కొట్టే హక్కు లేదు, కాసుకుంటూ లోపలికి దూరి, నుదురు వాడి ఛాతీకో దవడ కిందికో ఆనించి, చంక కింద చేయి దూర్చి నడుము బిగించి పట్టాలి. దూరం నుంచి దూకితే పంచ్ తగులుతుంది. వాడి పంచ్ వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు దానితోపాటే లోపలికి వెళ్ళాలి. తర్వాతది గోడ. వీపు గోడకి ఆనించి, మీదపడి అదిమేవాడి నుంచి బయటపడటం. చంక కింద చేయి, తల వాడి దవడ కింద, తుంటి పక్కకి తిప్పి వాణ్ణి గోడ వైపు మళ్ళించడం. గెలుపు అంటే వాణ్ణి కొట్టడం కాదు, ఐదు అడుగుల దూరం వెళ్ళగలగడం. మూడోది, కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకోవాలి. భాగస్వామి ఏదో ఒక పట్టు పట్టి తట్టగానే కళ్ళు తెరిచి, నిలబడి, గుమ్మం దాకా వెళ్ళాలి. నాలుగోది ఇద్దరితో. వాళ్ళిద్దరూ ఒకే వరసలో ఒకడి వెనక ఒకడు ఉండేలా బయటి వైపు అడుగులు వేస్తూ ఉండటం. ఇక్కడ ఎవరినైనా పట్టుకున్నామా, రెండోవాడికి మన తల దొరికినట్టే. ఈ సాధన చేసినవాళ్ళు ఇద్దరితో తలపడాలనే ఆలోచన తమంతట తామే మానుకుంటారు.

మాటతో మొదలయ్యే సాధన కూడా ఉండాలి. చేతులు ఛాతీ ఎత్తున తెరిచి, అరచేతులు కనపడేలా, ఒక కాలు కాస్త వెనక్కి పెట్టి మాట్లాడాలి. భాగస్వామి తిట్టొచ్చు, తిరిగి వెళ్ళిపోవచ్చు, కొట్టొచ్చు, ఏది చేస్తాడో ముందు చెప్పడు. ఈ ఊళ్ళో గొడవలు ఎక్కువగా బండి బండికి తగిలి మొదలవుతాయి. "తప్పాయ్తు అణ్ణా, బిడి" (తప్పైంది అన్నా, వదిలేయండి) అని కన్నడలో చెప్పడం రావాలి, వెనక్కి అడుగు వేస్తూ చెప్పడం ఇంకా రావాలి. గొంతు వణుకుతుంది, నోరు ఎండిపోతుంది, అందుకే దాన్నీ సాధన చేయాలి.

కత్తి విషయంలో ఎవరైనా అందమైన టెక్నిక్ చూపిస్తే తెల్ల టీషర్టు, మార్కర్ పెన్ తీసుకుని ముప్ఫై సెకన్లు నిజంగా పొడవమనండి. తర్వాత గీతలు లెక్కపెట్టుకోండి. 1983లో అమెరికా పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ చూపించిన లెక్క ప్రకారం 21 అడుగుల దూరాన్ని మనిషి సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. కాబట్టి కత్తి కనపడితే ఫోన్, పర్సు ఇచ్చేయడం, పరుగు, మధ్యలో బండి గానీ కుర్చీ గానీ అడ్డం పెట్టడం, ఇవే. తప్పించుకునే దారే లేకపోతే రెండు చేతులతో ఆ ఒక్క చేయి మణికట్టు దగ్గర పట్టి ఒంటికి బిగించి తోసుకుంటూ వెళ్ళడం. మన కర్రసాము, తమిళుల సిలంబం తెలిసినవాళ్ళకి దూరం, కోణాలు ముందే ఒంట్లో ఉంటాయి. గొడుగు చేతిలో ఉన్నా వాళ్ళకి పనికొస్తుంది.

ఆడవాళ్ళకి క్రమం కొంచెం మారుస్తాను. నేల విద్య మొదటి నెలలోనే మొదలుపెట్టాలి. దాడి చేసేవాడు బరువైనవాడే అవుతాడు, జుట్టు పట్టుకుంటాడు, నేలకి అదుముతాడు. కాళ్ళ మధ్య ఉన్నవాణ్ణి తుంటి మీద పాదాలు పెట్టి దూరం నెట్టి లేవడం వాళ్ళకి జాబ్ కన్నా ముందు రావాలి. తమ బరువు కన్నా పదిహేను ఇరవై కిలోలు ఎక్కువున్న, నెమ్మదిగా చేసే భాగస్వామితో తరచూ రోల్ (నేల మీద పట్ల స్పారింగ్) చేయాలి. తేలికైనవాళ్ళతోనే చేస్తే బరువు కింద ఊపిరి ఆడకపోవడం అలవాటు కాదు.

వారానికి రెండు రోజులు దెబ్బ, రెండు రోజులు పట్టు, ఆదివారం అతుకులు, మిగతా రెండు రోజులు విశ్రాంతి. గట్టి స్పారింగ్, గట్టి రోలింగ్ ఒకే రోజు వద్దు. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వెలుతురు చూడలేకపోయినా, వాంతి వచ్చినా ఆ రోజే ఆపి డాక్టర్ దగ్గరికి. ఆయన సరేనన్న దాకా తలకి సంబంధించిన ఏ సాధనా లేదు. చెవి వాచి మెత్తగా ఉబ్బితే పిండకుండా రెండు మూడు రోజుల లోపు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యమైతే గడ్డకట్టి అలాగే ఉండిపోతుంది. మెడ నొక్కే పట్టులో రక్తం ఆగి పది సెకన్ల అటూ ఇటూ స్పృహ పోతుంది, అందుకే ట్యాప్ ముందే చేయాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో గీ (జూడో, జూజిట్సూ సాధనకి వేసుకునే మందపాటి దుస్తులు) ఒక రోజులో ఆరదు, రెండు ఉండాలి. తడి గీ తొడుక్కుంటే తామర ఖాయం. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాసుకుంటే పైకి తగ్గినట్టు కనపడి లోపల పాకుతుంది, చర్మ వైద్యుణ్ణి చూడాలి. తగ్గేదాకా మ్యాట్ ఎక్కకూడదు.

చట్టం కూడా సాధనలో భాగమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. 37 ప్రకారం అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. 40 ప్రకారం ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడు హక్కు మొదలై, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, దాడిలో ఉన్నవాడు తన దెబ్బని అంకెల లెక్కలా కొలుచుకోవాలని ఆశించలేమని చెప్పింది. కింద పడ్డవాణ్ణి తన్నితే మాత్రం ఆ హక్కు అక్కడ లేదు, ఎదుటి దుకాణం కెమెరాలో అది ఉంటుంది. అందుకే ఆదివారం సాధనలో భాగస్వామి పడగానే రెండు అడుగులు వెనక్కి వేసి, చుట్టూ చూసి, గుమ్మం వైపు కదలడం ప్రతిసారీ చేయిస్తాను.

నిజంగా జరిగితే దూరం వెళ్ళాక మొదట మీ ఒళ్ళు మీరే తడుముకోండి. మెడ, చంకలు, పొట్ట, తొడలు. ఆ ఉద్వేగంలో కత్తి గాటు కూడా తెలియదు, అరచేతికి తడి తగిలితేనే తెలుస్తుంది. తర్వాత అత్యవసర నంబరు 112కి ఫోన్. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియాల్సిన గాయంగా రాయించుకోండి. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జరిగిన చోటు తమ పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. పిడికిలి ఎముక మీద ఎదుటివాడి పన్ను తగిలి చిన్న గాటు పడితే దాన్ని బ్యాండ్‌ఎయిడ్‌తో వదిలేయొద్దు. నోటి సూక్ష్మజీవులు కీలు లోపలికి పోయి ఒకటి రెండు రోజుల్లో చేయి మొత్తం వాచేలా చేస్తాయి. అదే రోజు చూపించి, కడిగించి, యాంటీబయోటిక్, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.